యలవర్తి నాయుడమ్మ

యలవర్తి నాయుడమ్మ (1922 సెప్టెంబరు 10 - 1985 జూన్ 23) అంతర్జాతీయ ఖ్యాతి గాంచిన చర్మ సాంకేతిక శాస్త్రవేత్త, విద్యావేత్త మరియు పరిశోధనా సంస్థల నిర్వాహకుడు. మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధనా సంస్థకు 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగా, శాస్త్రీయ మరియు పారిశ్రామిక పరిశోధనా మండలికి (సి.ఎస్.ఐ.ఆర్.) 1971 నుండి 1977 వరకు డైరెక్టర్ జనరల్‌గా, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి 1981-82లో ఉపకులపతిగా పనిచేశాడు. శతాబ్దాలుగా సమాజం చిన్నచూపు చూసిన తోలు పనిని విశ్వవిద్యాలయ స్థాయి శాస్త్రంగా నిలబెట్టడంలోను, ముడితోళ్ళను ఎగుమతి చేసే దేశాన్ని తయారైన తోలు వస్తువులను ఎగుమతి చేసే దేశంగా మార్చడంలోను ఈయన కృషి ముఖ్యమైనది.

బాల్యం, విద్యాభ్యాసం

నాయుడమ్మ గుంటూరు జిల్లా తెనాలి సమీపంలోని యలవర్రు గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. అమృతలూరు మండలంలోని ఈ గ్రామం 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత బాపట్ల జిల్లాలో చేరింది. కృష్ణా డెల్టా కాలువల క్రింద వరి పండే ఈ ప్రాంతంలో ఆ కాలమున ప్రతి రైతు ఇంటా కాడి ఎద్దులు, పాడి గేదెలు ఉండేవి. మేలుజాతి ఒంగోలు పశువులకు పుట్టినిల్లయిన ప్రాంతం కూడా ఇక్కడికి ఎంతో దూరం కాదు.

ఉన్నత పాఠశాల చదువు ముగించి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. తరువాత కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రం అభ్యసించి పట్టభద్రుడయ్యాడు. ఆనాడు రసాయన శాస్త్రం చదివిన యువకులకు చక్కెర, నూనె, సబ్బు, మందుల పరిశ్రమలలో అవకాశాలు ఉండేవి. నాయుడమ్మ మాత్రం మద్రాసులోని చర్మ సాంకేతిక విద్యాసంస్థలో చేరాడు. ఈ నిర్ణయమే ఆయన జీవితగమనాన్ని నిర్దేశించింది.

తోలు వృత్తి - సామాజిక నేపథ్యం

నాయుడమ్మ కృషి విలువ తెలియాలంటే ఆనాటి గ్రామాలలో తోలు పని ఏ స్థితిలో ఉండేదో తెలియాలి. తెలుగు గ్రామాలలో చనిపోయిన పశువును తొలగించడం, తోలు ఒలవడం, దానిని పదును చేయడం, చెప్పులు కుట్టడం, మోటకు తోలు బొక్కెనలు కట్టడం ఎక్కువగా మాదిగల కులవృత్తిగా ఉండేవి. ఆ బొక్కెన లేనిదే మెట్ట భూములలో మోటబావి నుండి నీరు పైకి వచ్చేది కాదు. వ్యవసాయానికి ఇంతటి ఆధారమైన పనిని చేసేవారిని ఊరికి వెలుపల ఉంచి అంటరానివారిగా చూడడం ఆనాటి ఆచారం. ఆ పనిలో ఇమిడి ఉన్న రసాయన జ్ఞానాన్ని చదువుకున్నవారు గుర్తించలేదు. ఇట్టి పరిస్థితిలో ఒక రైతు బిడ్డ విశ్వవిద్యాలయ పట్టా పొంది తోళ్ళ విద్యకు రావడం సాధారణ విషయం కాదు.

ఈ వృత్తికి కావలసిన వనరులు తెలుగు నేలపై ఎలా లభిస్తాయో చెప్పడానికి పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా మంచి ఉదాహరణ. 2016లో ఆ జిల్లా నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు జిల్లాలుగా ఏర్పడ్డాయి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. వనపర్తి జిల్లాలోని పెబ్బేరులో జరిగే పశువుల సంత పేరుపొందినది. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాదు ప్రాంతంలోని నల్లమల అడవులలో పొడ తూర్పు అనే దేశవాళీ జాతి పశువులను మేపుతారు. పనికి గట్టివైన ఈ జాతి ఎద్దులను 2020లో ప్రత్యేక జాతిగా గుర్తించారు. ఈ మెట్ట నేలలలో తంగేడు విరివిగా పెరుగుతుంది. నల్లమలలో కరక్కాయ దొరుకుతుంది. బతుకమ్మలో పేర్చే పూవుగాను, 2014 నుండి తెలంగాణ రాష్ట్ర పుష్పంగాను తంగేడు అందరికీ తెలిసినదే. అయితే దాని చెక్క, అంటే బెరడు, కరక్కాయతో పాటు దక్షిణ భారతదేశపు తోళ్ళ వృత్తికి ముఖ్యమైన ఆధారమన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. లందలో, అంటే తోళ్ళు నానవేసే తొట్టిలో, సున్నంతో రోమాలు తొలగించిన తోలును తంగేడు చెక్క నీటిలో రోజుల తరబడి నానబెట్టి పదును చేసేవారు. ఈ పద్ధతిలో మద్రాసు రాష్ట్రంలో తయారైన తోలు ఈస్ట్ ఇండియా తోలు అనే పేరుతో లండను విపణికి వెళ్ళేది.

విదేశాలలో ఉన్నత విద్య

మద్రాసు ప్రభుత్వం నాయుడమ్మను ఉన్నత శిక్షణ కొరకు విదేశాలకు పంపింది. మొదట ఇంగ్లండులో శిక్షణ పొంది, తరువాత అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉన్న లీహై విశ్వవిద్యాలయంలో చేరి ఎం.ఎస్., పిహెచ్.డి. పట్టాలు పొందాడు. ఆ కాలంలో లీహై చర్మ రసాయన శాస్త్ర పరిశోధనకు ప్రసిద్ధమైన కేంద్రం.

పాశ్చాత్య దేశాలలో నేర్చిన ఈ విద్యను భారతదేశానికి ఉన్నదున్నట్లుగా అన్వయించడం సాధ్యం కాదు. అక్కడ పశువులను ముఖ్యంగా మాంసం కొరకు పెంచుతారు. పెద్ద వధశాలలలో యంత్రాలతో ఒలిచిన తాజా తోళ్ళు వెంటనే కర్మాగారానికి చేరుతాయి. ఒంగోలు జాతి పశువులే బ్రెజిల్ చేరి నెలోర్ అనే పేరుతో ఆ దేశపు మాంస పరిశ్రమకు మూలాధారమయ్యాయి. అక్కడ తోలు ఆ పరిశ్రమకు ఉపఉత్పత్తి. భారతదేశంలో ఎద్దు దుక్కికి, బండికి, ఆవు పాడికి. కావున ఆవు, గేదె తోళ్ళలో పెద్ద భాగం ముసలితనం వలన, వ్యాధి వలన చనిపోయిన పశువుల నుండి వచ్చేది. పశువు చనిపోయిన చోటికి మనిషి చేరుకోవడానికే గంటలు పట్టేది. వేడి వాతావరణంలో ఈలోగా కుళ్ళు మొదలవుతుంది. ఒలిచేటప్పుడు కత్తి గాట్లు పడతాయి. వాతలు, గోమార్ల గుర్తులు, కాడి రాపిడి మచ్చలు తోలుపై నిలిచిపోతాయి. అందువలన భారతీయ చర్మ శాస్త్రం కర్మాగారంలో కాక, పశువు చనిపోయిన పొలంలో మొదలు కావలసి వచ్చింది. ఒలవడం, ఉప్పువేసి నిలువ చేయడం, కళేబరం నుండి కొవ్వు, ఎముకల పొడి, జిగురు మొదలైనవి తీయడం కూడా ఈ శాస్త్రంలో భాగమయ్యాయి.

కేంద్ర చర్మ పరిశోధనా సంస్థ

స్వాతంత్ర్యానంతరం సి.ఎస్.ఐ.ఆర్. ఆధ్వర్యంలో దేశమంతటా జాతీయ ప్రయోగశాలలు స్థాపించబడ్డాయి. వాటిలో ఒకటైన కేంద్ర చర్మ పరిశోధనా సంస్థకు 1948 ఏప్రిల్ 24న మద్రాసులోని అడయారులో అప్పటి కేంద్ర పరిశ్రమల మంత్రి శ్యామాప్రసాద్ ముఖర్జీ శంకుస్థాపన చేశాడు. కలకత్తాకు చెందిన బి.ఎం. దాస్ దీని మొదటి డైరెక్టరు. అమెరికా నుండి తిరిగివచ్చిన నాయుడమ్మ ఈ సంస్థలో చేరి, 1958లో డైరెక్టరయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు 36 సంవత్సరాలు.

పరిశోధన ఫలితం పత్రికలో అచ్చుకావడంతో పని ముగియదని, అది తోళ్ళ కార్మికుని చేతికి అందాలని ఆయన భావించేవాడు. సంస్థలో ప్రయోగశాలలతో పాటు తోళ్ళ తయారీశాల కూడా ఉండేది. అక్కడ నిజమైన తోళ్ళపై, నిజమైన పరిమాణంలో ప్రయోగాలు చేయవచ్చును. శాస్త్రజ్ఞులు, తోళ్ళ వ్యాపారులు, తయారీదారులు ఏటేటా ఒకచోట కూడి సమస్యలు చర్చించే లెరిగ్ అనే సమావేశాలు ఏర్పాటయ్యాయి. మద్రాసుకు దూరంగా ఉన్న తోళ్ళ కేంద్రాలకు సేవలందించుటకు కాన్పూరు, జలంధరు, కలకత్తా వంటి చోట్ల ప్రాంతీయ విస్తరణ కేంద్రాలు ఏర్పడ్డాయి. విదేశాల నుండి దిగుమతి చేసుకొనే వాటిల్ బెరడుకు బదులుగా దేశీయ చెట్ల బెరళ్ళు, కాయలు ఎంతవరకు పనికివస్తాయో సంస్థ పరిశీలించింది.

శాస్త్ర పరిశోధన

చర్మంలో ముఖ్యమైన మాంసకృత్తు కొల్లాజెన్. పచ్చితోలు తడిగా ఉంటే కుళ్ళిపోతుంది, ఎండితే రేకువలె బిరుసెక్కుతుంది. పదును చేసే పదార్థాలు కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి బంధించడం వలన అది కుళ్ళకుండా, మెత్తగా, వేడికి తట్టుకొనేదిగా మారుతుంది. పచ్చితోలును నీటిలో ఉంచి వేడిచేస్తే సుమారు 60-65 డిగ్రీల సెల్సియస్ వద్ద ముడుచుకుపోతుంది. చెట్ల బెరడుతో పదును చేసిన తోలు సుమారు 75-85 డిగ్రీల వరకు, క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు 100 డిగ్రీల వరకు, అంతకు మించి కూడ తట్టుకుంటుంది. ఈ బంధాలు ఎలా ఏర్పడతాయి, ఏ పదార్థం కొల్లాజెన్‌లోని ఏ భాగంతో కలుస్తుంది అన్న ప్రశ్నలు నాయుడమ్మ పరిశోధనలకు కేంద్రం.

కొల్లాజెన్ నిర్మాణాన్ని కనుగొన్న చరిత్రలో కూడా ఈ సంస్థకు స్థానమున్నది. మద్రాసు విశ్వవిద్యాలయ ఆచార్యుడు జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954-55లో కొల్లాజెన్ అణువు మూడు పేటలు కలిపి పేనిన త్రాడువలె ఉంటుందని ప్రతిపాదించారు. వారి ఎక్స్‌రే పరిశీలనలకు అవసరమైన శుద్ధమైన కొల్లాజెన్, కంగారూ తోక స్నాయువు నుండి తీసినది, చర్మ పరిశోధనా సంస్థ నుండి లభించింది. ఈ ఆవిష్కరణకు గుర్తుగా సంస్థలోని సభామందిరానికి ట్రిపుల్ హెలిక్స్ అని పేరు పెట్టారు. తోళ్ళ తొట్టి వద్ద పుట్టిన ప్రశ్న జీవ భౌతిక శాస్త్రపు అత్యున్నత పరిశోధనతో కలిసిన సందర్భమిది.

విద్యావేత్తగా

చర్మ సాంకేతిక శాస్త్రాన్ని విశ్వవిద్యాలయ విద్యగా బలపరచడం నాయుడమ్మ చేసిన ముఖ్యమైన సేవలలో ఒకటి. చర్మ పరిశోధనా సంస్థ, మద్రాసు విశ్వవిద్యాలయపు అళగప్ప చెట్టియార్ సాంకేతిక కళాశాల ఇరుగుపొరుగు సంస్థలు. ఈ రెంటి సహకారంతో విద్యార్థులు కళాశాలలో పాఠాలు, సంస్థలో ప్రయోగాలు నేర్చుకొనే పద్ధతి స్థిరపడింది. ఇంజనీరింగ్ పట్టా నుండి పిహెచ్.డి. వరకు ఒకేచోట తోళ్ళ విద్యను అభ్యసించే అవకాశం కలిగింది. ఆసియా, ఆఫ్రికా దేశాల విద్యార్థులు కూడా ఇక్కడ శిక్షణ పొందారు. దీనితోపాటు తయారీశాలలలో పనిచేసేవారికి స్వల్పకాలిక శిక్షణ తరగతులు నిర్వహించబడ్డాయి. ఐక్యరాజ్య సమితి సంస్థలకు సలహాదారుగా నాయుడమ్మ పలు వర్ధమాన దేశాల తోళ్ళ పరిశ్రమల అభివృద్ధికి తోడ్పడ్డాడు.

ముడితోలు నుండి తయారైన తోలుకు

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాలలో భారతదేశం ఎక్కువగా ముడితోళ్ళను, సగం పదును చేసిన తోళ్ళను విదేశాలకు పంపేది. ఐరోపా దేశాలు వాటికి మెరుగులు దిద్ది, చెప్పులు, సంచులు, చేతి తొడుగులు తయారుచేసి అధిక ధరకు అమ్మేవి. తోలు మనది, లాభం పరులది అన్నట్లుండేది. చివరి దశ వరకు ఇక్కడే తయారు చేయగల నైపుణ్యం లేనిదే ఈ స్థితి మారదు. 1960 దశకంలో చర్మ పరిశోధనా సంస్థ అభివృద్ధి చేసిన పద్ధతులు, తయారుచేసిన నిపుణులు ఆ నైపుణ్యాన్ని సమకూర్చారు. 1972లో ప్రభుత్వం నియమించిన సీతారామయ్య సంఘం సిఫారసుల ప్రకారం 1973 నుండి ముడితోళ్ళ ఎగుమతి నిషేధించబడింది, సగం పదునైన తోళ్ళ ఎగుమతికి పరిమితులు విధించబడ్డాయి. తరువాతి దశాబ్దాలలో తయారైన తోలు, పాదరక్షలు, ఇతర తోలు వస్తువులు ఎగుమతులలో ప్రధాన స్థానం ఆక్రమించాయి. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట, కాన్పూరు, కలకత్తా ఈ పరిశ్రమకు పెద్ద కేంద్రాలయ్యాయి.

సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్‌గా

1971లో నాయుడమ్మ సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. అదే సంవత్సరం భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ పురస్కారం ప్రదానం చేసింది. చర్మ పరిశోధనా సంస్థలో తాను అనుసరించిన విధానాన్ని, అనగా ప్రయోగశాలను ప్రజల అవసరాలతో ముడిపెట్టడాన్ని, దేశంలోని ప్రయోగశాలలన్నింటికి వర్తింపజేయడం ఆయన లక్ష్యం.

దీనికి ఉదాహరణగా కరీంనగర్ ప్రాజెక్టును చెప్పుకోవచ్చును. వెనుకబడిన ఒక జిల్లాను ఎన్నుకొని, వివిధ జాతీయ ప్రయోగశాలల పరిజ్ఞానాన్ని అక్కడి ప్రజల జీవనోపాధికి ఉపయోగించాలన్నది ఈ ప్రయత్నపు ఉద్దేశం. తెలంగాణలోని కరీంనగర్ జిల్లా ఇందుకు ఎన్నుకోబడింది. ప్రయోగశాలలో విజయవంతమైన పద్ధతి గ్రామంలో నిలదొక్కుకోవాలంటే పెట్టుబడి, శిక్షణ, సరకుకు విపణి, స్థానిక యంత్రాంగపు సహకారం అన్నీ కలసిరావాలని ఇటువంటి ప్రయత్నాలు తెలియజేశాయి. గ్రామీణాభివృద్ధిలో శాస్త్ర సాంకేతిక విజ్ఞానపు పాత్రను గురించి ఆ తరువాత జరిగిన చర్చలలో కరీంనగర్ అనుభవం ప్రస్తావనకు వస్తూ ఉండేది.

చివరి సంవత్సరాలు

1977లో సి.ఎస్.ఐ.ఆర్. పదవి నుండి వైదొలగిన పిదప నాయుడమ్మ తిరిగి మద్రాసు చేరి, చర్మ పరిశోధనా సంస్థలో విశిష్ట శాస్త్రవేత్తగా కొనసాగాడు. 1981లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా నియమితుడై 1982 వరకు ఆ బాధ్యత నిర్వహించాడు. సామాజిక శాస్త్రాలకు ప్రసిద్ధిచెందిన ఆ విశ్వవిద్యాలయానికి ఒక చర్మ శాస్త్రవేత్త అధిపతి కావడం విశేషం. అనంతరం మద్రాసులో నివసిస్తూ, జాతీయ, అంతర్జాతీయ సంస్థలకు సలహాదారుగా సేవలందించాడు.

1985 జూన్‌లో కెనడాలో ఒక సమావేశానికి హాజరై ఎయిరిండియా వారి కనిష్క విమానంలో భారతదేశానికి తిరిగి వస్తున్నాడు. మాంట్రియల్ నుండి లండను మీదుగా ఢిల్లీకి రావలసిన ఆ విమానం జూన్ 23న ఐర్లండు తీరానికి సమీపంలో, అట్లాంటిక్ మహాసముద్రంపై ఎగురుతుండగా, లోపల అమర్చిన బాంబు పేలి కూలిపోయింది. విమానంలోని 329 మంది మరణించారు. వారిలో నాయుడమ్మ ఒకడు. అప్పటికి ఆయన వయస్సు 62 సంవత్సరాలు.

అనంతర పరిణామాలు

నాయుడమ్మ తరంవారు నిర్మించిన పరిశ్రమ పెరిగిన కొలదీ దాని దుష్ఫలితాలు కూడా బయటపడ్డాయి. బెరడుతో నెలల తరబడి సాగే పని క్రోమియం లవణాలతో కొద్ది రోజులలో ముగియడం వలన ఉత్పత్తి పెరిగింది. కాని ఉప్పు, సున్నం, క్రోమియం కలిసిన వ్యర్థ జలాలు తమిళనాడులోని పాలారు పరీవాహక ప్రాంతంలో నేలను, త్రాగునీటిని పాడుచేశాయి. వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో 1996 ఆగస్టు 28న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు భారత పర్యావరణ న్యాయ చరిత్రలో ప్రధానమైనది. కాలుష్యం చేసినవారే నష్టపరిహారం చెల్లించాలన్న సూత్రాన్ని అది ధ్రువపరచింది. అప్పుడు మూతపడే స్థితికి చేరిన తయారీశాలలు నిలదొక్కుకొనుటకు తగిన శుద్ధి పద్ధతులను అందించడంలో చర్మ పరిశోధనా సంస్థ ప్రముఖ పాత్ర వహించింది.

మరొక విషయంలో మార్పు ఇంకా అసంపూర్ణంగానే ఉన్నది. తోలు పరిశ్రమ కర్మాగారాలకు, ఎగుమతిదారులకు చేరుకున్న కొలదీ గ్రామాలలోని లందలు మూతపడ్డాయి. విద్యుత్ పంపులు రావడంతో మోట బొక్కెనల అవసరం లేకుండా పోయింది. తరతరాలుగా ఆ పని చేసినవారిలో ఎక్కువమందికి పాత వృత్తి పోయింది కాని కొత్త పరిశ్రమలో యాజమాన్యం దక్కలేదు. తోలు విలువ దేశంలోనే నిలవాలని నాయుడమ్మ చేసిన కృషి చాలవరకు ఫలించింది. ఆ విలువలో తోలు ఒలిచిన చేతికి ఎంత భాగం దక్కాలన్న ప్రశ్న తరువాతి తరాలకు మిగిలింది.

స్మృతి చిహ్నాలు

నాయుడమ్మ స్మారకార్థం తెనాలిలో ఆయన పేరిట పురస్కారాన్ని నెలకొల్పి, శాస్త్ర సాంకేతిక రంగాలలో విశేష కృషి చేసినవారికి ప్రదానం చేస్తున్నారు. ఆయన దీర్ఘకాలం పనిచేసిన అడయారులోని కేంద్ర చర్మ పరిశోధనా సంస్థ చర్మ శాస్త్రంలో ప్రపంచంలోని ప్రముఖ పరిశోధనా కేంద్రాలలో ఒకటిగా గుర్తింపు పొందింది.